చక్రనాభి

చక్రమును చూచువారు పలువురు. చక్రనాభిని చూచువా రరుదు. బండి వచ్చుచుండగా మన కన్ను ముందుగా చక్రము మీదనే పడును. దాని యాకులు, దాని పట్టా, దాని పరుగు, ఇవియే మనకు ముచ్చట. ఆకులన్నియు వచ్చి చేరు నడిమి దిమ్మ, దానిలో దూరిన యిరుసు, ఇరుసుకొనను నిలిచిన కడచీల అను వీనిని బండి చేసిన వడ్రంగియు, బండి తోలువాడును తక్క నితరులు తలపరు. అయినను బండి బరువంతయు నచ్చటనే నిలిచియున్నది. ఎడ్లబండి కిది యెంత నిజమో మోటారుబండికిని అంతే నిజము. మా ప్రాంతమున నీ నడుమ మోటారుబండ్లకు క్రొత్త చక్రములు తొడుగు వేడుక ప్రబలినది. ఆ వేడుక యొకనాడు మా యింటివారి ప్రాణముల మీదికి వచ్చెను. కావున నాభిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట యావశ్యకమని తలచితిని.

మాది శ్రీకాకుళము జిల్లాలోని పాతపట్నము. నీలమణి దుర్గమ్మ గుడి గల యూరు. 1936లో ఒరిస్సా ప్రత్యేకరాష్ట్ర మైనప్పుడు పర్లాకిమిడి యా వైపునకు పోయెను. మా యూరు ఈ వైపున నిలిచెను. సరిహద్దు నడుమ వచ్చినను సంతలును చుట్టరికములును తెగలేదు. ఊరు దాటి కొంతదూరము పోయినంతనే కొండలు; కొండలలో సవరల పల్లెలు. ఆ త్రోవలలో కొన్ని యిప్పుడు తారురోడ్లైనవి. కొన్ని వానకాలమున రాళ్లు లేచి, గెడ్డలు పొంగి, మామూలు కారు పోరాని స్థితిలో నుండును. అట్టి చోట ముందుచక్రములును వెనుకచక్రములును నాలుగును కలిసి లాగు బండియే యక్కరకు వచ్చును. పట్టణములలో నట్టి బండి సంపన్నుల వేడుక కావచ్చును గాని, కొండదారిలో అది ప్రసవవేదన పడు స్త్రీని ఆసుపత్రికి దింపు సాధనము. పసుపుబస్తాను సంతకు చేర్చు సాధనము.

ఇట్టి బండ్ల ముందుచక్రముల నడుమ నొక యినుపముద్ద బయటికి పొడుచుకొని వచ్చియుండుట చదువరులలో పలువురు చూచియే యుందురు. చూపున కది మోటుగానే యుండును. కాని యది నిష్కారణముగా రాలేదు. వెనుకచక్రములు మాత్రమే లాగు బండిలో ముందుచక్రము ఊరక దొరలునదే గనుక దాని నాభి గ్రీజు మూతతో ముగియును. నాలుగు చక్రములు లాగు బండిలో నట్లు గాదు. యంత్రమునుండి వచ్చిన యిరుసు నాభి నడుమనుండి బయటికి వచ్చి, అచ్చట నొక బిళ్ళద్వారా చక్రమును త్రిప్పవలెను. కొన్ని బండ్లలో ఆ కొనయందే యొక మీట యుండును. బురద వచ్చినప్పుడు తోలువాడు క్రిందికి దిగి దానిని చేత త్రిప్పినయెడల ఇరుసును చక్రమును ముడివడును. మంచిబాట వచ్చినప్పుడు త్రిప్పి విడదీయును. అనగా నా ముద్ద చక్రమునకు శక్తి చేరు ద్వారము. దాని లోపల బేరింగులు గలవు, గ్రీజు గలదు, నీటిని దుమ్మును రానీయని కట్టుదిట్టము గలదు. ఎడ్లబండి యిరుసు దిమ్మను దాటి బయటికి వచ్చుట యెట్లు కడచీల కొరకో, ఇదియు నట్లే పని కొరకు వచ్చినది.

ఇంక క్రొత్త చక్రముల సంగతి. బండితో వచ్చిన యుక్కుచక్రములను తీసివైచి, మెరయు మిశ్రలోహపు చక్రములను తొడుగుట నేటి యువకుల వేడుక. వీనిని అలాయ్ చక్రము లందురు. తగినవి యెన్నుకొన్నచో నిందు దోష మేమియు లేదు. చిక్కంతయు తగుట యన నేమో తెలియకపోవుటలో నున్నది. కొనువాడు చక్రమునకు రంధ్రము లెన్నియని చూచును. అమ్మువా డవియే లెక్కించి చూపును. రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపు మొదలుకొని, 1985లో మన దేశమున వెలసిన మారుతి జిప్సీకిని, 2023లో వచ్చిన జిమ్నీకిని చక్రమున కైదేసి రంధ్రములే. ఆ యైదును నిలిచిన వలయము వ్యాసము 139.7 మిల్లీమీటర్లు, అనగా ఐదున్నర యంగుళములు. ఇంతవరకు సరిపోయిన వెంటనే యందరును సంతోషింతురు. నడిమి కన్నపు వ్యాసము నడుగువాడు లేడు. జిప్సీ, జిమ్నీల నాభికి 108 మిల్లీమీటర్ల కన్నము వలయును. టయోటావారి ఫార్చునరు వలయముగూడ 139.7యే, కాని దానికి స్టడ్డు లారు, నడిమి కన్నము 106.1. ఒక కొలత కలిసినంత మాత్రమున తక్కిన కొలతలు కలియవని తెలుపుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

నా మేనల్లునికి పాత జిప్సీ యొకటి గలదు. అతడు పట్టణమునకు పోయి నాలుగు అలాయ్ చక్రములు కొనెను. ఐదు రంధ్రములు గల బండి కేదైనను పట్టునని యంగడివారు ధైర్యము చెప్పిరట. వెనుకచక్రములు రెండును చక్కగా కూర్చుండెను. ముందుచక్రములు మాత్రము నాభిమీదికి కొంత దూరిన పిమ్మట మెట్టు వంటి చోట నాగిపోయెను. చక్రము వెనుకభాగమునకును, అది యానవలసిన బల్లపరుపు బిళ్ళకును, అనగా మిస్త్రీలు ఫ్లాంజి యనుదానికిని, నడుమ సందు మిగిలెను. అంగడిలోని కుఱ్ఱవాడు గాలియంత్రముతో నట్లను బిగించి, సందు తనంతట సర్దుకొనునని పంపివైచెను. నట్టు బిగిసినది, నిజమే. కాని యది చక్రమును ఫ్లాంజికి బిగింపలేదు, నాభిమెట్టునకు బిగించినది.

మరునాడు మా చెల్లెలును, బడికి పోవు నిద్దరు పిల్లలును ఆ బండిలో మెళియాపుట్టి వైపు బయలుదేరిరి. పదిపండ్రెండు కిలోమీటర్లు పోవునప్పటికి చేతిలోని స్టీరింగు వణకసాగెను. ముందువైపున టకటకమని చప్పుడు. అదృష్టవశమున మేనల్లుడు వెంటనే బండి నిలిపెను. దిగి చూడగా కుడిచక్రమునకు గల యైదు నట్లలో నొకటి యెచ్చటనో రాలిపోయినది. రెండు వ్రేళ్లతో తిరుగుచున్నవి. ముందున్నది దిగుడుబాట. చెల్లెలు పిల్లల నిద్దరిని చెరియొక చేత పట్టుకొని, బస్సు వచ్చువరకు చెట్టుక్రింద మాట లేక నిలుచున్నదట. ఆ మాట లేకపోవుటను నే నిప్పటికిని మరువజాలకున్నాను.

ఆ సాయంకాలమే యంగడివారి కడకు ఫోను చేయగా వారు చెప్పిన యుపాయము వినదగినది. నాభి యంచును గ్రైండరుతో కొంచెము గీసినచో చక్రము దూరునట. రెండు మిల్లీమీటర్లేగదా యనిరట! మేనల్లు డదియు చేయించుటకు సిద్ధపడెను. నేను గణితము బోధించి విశ్రాంతి గొన్నవాడను. రెండు మిల్లీమీటర్లన్నంత మాత్రమున నాకు మనసు తేలికపడలేదు. లేతు పనిచేయు నొక ముసలి మిస్త్రీ నాకు పరిచితుడు. అతనియొద్దకు పోయితిమి. అతడు మాటలాడక వెర్నియరు తెచ్చి ముందుగా నాభిని కొలిచెను. తరువాత చక్రపు కన్నమును మూడు చోట్ల కొలిచెను. నాభి 108; కన్నము 106. కొలతలను సుద్దతో నేలపై వ్రాసి, "మేష్టారూ, హబ్బుని నేను ముట్టను. లోపల బేరింగుంది, గ్రీజుంది. గీసేక మళ్లీ పూడ్చలేం. సక్రం పాడైపోతే ఇంకోటి కొనుక్కుంటాడు కుర్రోడు" అనెను.

ఆ పలుకులలోని శాస్త్రము నించుక విప్పి చెప్పవలెను. బండి బరువును స్టడ్డులే మోయుచున్నవని సామాన్యముగా జనులు తలతురు. అది సరిగాదు. స్టడ్డుల పని చక్రమును ఫ్లాంజికి గట్టిగా నొత్తి పట్టుట. అట్లొత్తబడిన రెండు ముఖముల నడుమ కలుగు రాపిడియే చక్రము జారకుండ నిలుపును. నాభి చక్రమును నట్టనడుమ నుంచును. ముఖము లానకయున్నచో నా రాపిడి లేదు. అప్పుడు ప్రతి కుదుపును స్టడ్డు తాకును. చక్ర మొక్క చుట్టు తిరిగినప్పుడెల్ల స్టడ్డు ఒకసారి యిటు, ఒకసారి యటు వంగును. ఇనుపతీగను చేత పట్టి యటునిటు వంచిన నది యొకానొకప్పుడు పుటుక్కున తెగుట పిల్లలుగూడ నెరుగుదురు. తెగు ముందు క్షణమువరకు తీగ బాగుగనే కనబడును. స్టడ్డు సంగతియు నంతే. ఇంక నాభిని గ్రైండరుతో గీచినచో గుండ్రము చెడును. చక్రము నడుమ నిలువదు. చూర్ణము లోనికి పోయి బేరింగులను తినివేయును. ఆ నష్టము వెంటనే కనబడదు. కొన్ని నెలలకు, ఎవ్వరును తలపని యొక మలుపులో కనబడును.

అయినచో చేయవలసిన దేమి? అన్నింటికంటె నుత్తమము, కొనునప్పుడే సరియైన కన్నము గల చక్రమును కొనుట. కొన్న తరువాత చిక్కు పడినచో, చక్రపు కన్నమునే లేతుపై పెంచవచ్చును. కన్నము చుట్టును లోహము తగినంత దళసరిగా నున్నప్పుడు మాత్రమే. చేతి గ్రైండరుతో పెంచినయెడల కన్నము కోడిగుడ్డువలె నగును. మా మిస్త్రీ చక్రమును పెద్దలేతున కెక్కించి, డయల్ గేజి పెట్టి, అది యే వైపునను ఒరుగక తిరుగుచున్నదని రూఢి చేసికొనువరకే గంటసేపు గడపెను. కోత కైన కాలము కొంచెమే. పిమ్మట ఫ్లాంజి మీది త్రుప్పును తుడిచి, దానిపై పలుచగా సుద్ద రాచి, చక్రమును తొడిగి బిగించి మరల తీసి చూపెను. సుద్ద చక్రపు ముఖమున కంతటను సమముగా నంటుకొని యుండెను. చక్రము కూర్చున్నదనుటకు అదియే సాక్ష్యము.

మరియొక మార్గము స్పేసరను బిళ్ళను నడుమ పెట్టుట. దానిని చౌకయుపాయమని తలపరాదు. బిళ్ళ యెంత మందమో చక్ర మంత బయటికి జరుగును. జరిగిన కొలది బేరింగుల మీద భారము హెచ్చును, స్టీరింగు బరువగును. పైగా స్టడ్డు పొడవు తగ్గినట్లగును గనుక నట్టులో మర తగినంత పట్టదు. పండ్రెండు మిల్లీమీటర్ల లావు గల స్టడ్డున కుజ్జాయింపుగా నంత లోతునను మర పట్టి యుండవలెను. నట్టు అడుగు వాలుగా నున్నదా, చదునుగా నున్నదా యని చూచుటయు ముఖ్యమే. వాలు గుంటలో చదును నట్టు బిగించిన నది కూర్చున్నట్లు నటించును గాని కూర్చుండదు. నట్లను వరుసగా గాక ఒకదాని కెదురుగా నొకటి చొప్పున, బండివారి పుస్తకములో చెప్పిన బిగింపుతో బిగింపవలెను. నూరు కిలోమీటర్లు తిరిగిన పిమ్మట మరల చూడవలెను.

ఇంత యైనను మేనల్లుని కొక కొరత మిగిలెను. క్రొత్తచక్రముల నడిమి కొక మెరుగుమూత వచ్చినది. నాభి పొడుచుకొని యుండుటచే ముందుచక్రముల కా మూత పట్టలేదు. వెనుక రెండును మూతలతో తళతళలాడగా, ముందు రెండును జిడ్డుముద్దలతో నుండుట యతనికి చిన్నతనముగా తోచెను. మూత నడుమ కోసి వలయముగా తొడుగవచ్చునని మిస్త్రీ చెప్పెను. నేను మాత్రము దానిని తొడుగక పోయినను లోపము లేదంటిని. నాలుగు చక్రములును లాగు బండి నాది యని చాటునది ఆ ముద్దయేగదా! పనిచేయు చేతికి కాయ కాచినట్లు పనిచేయు చక్రమునకు నాభి కనబడును. కాయలు గల చేతిని గుడ్డ చాటున దాచుకొనువాడు తన శ్రమకు తానే సిగ్గుపడువాడు.

కొలత మారినప్పుడు దానితో నేమేమి మార్పవలెనో మా ప్రాంతమువారు ప్రత్యక్షముగా చూచినవారే. నౌపడనుండి పర్లాకిమిడికి 1900లో చిన్నరైలు వచ్చెను. 1931 నాటికి గుణుపురము వరకు సాగెను. దాని పట్టాల నడిమి యెడము 762 మిల్లీమీటర్లు. మా పాతపట్నము మీదుగా నది నూరేండ్లు నడిచెను. 1676 మిల్లీమీటర్ల పెద్దపట్టాలు వేయదలచి 2004లో దానిని నిలిపిరి. పర్లాకిమిడి వరకు 2010లోను, గుణుపురము వరకు 2011లోను పెద్దరైలు తిరుగసాగెను. ఆ యేండ్లలో ప్రయాణికులు పడిన యిబ్బంది తక్కువ గాదు. అయినను చిన్నబండి చక్రములను సాగదీసి పెద్దపట్టాలపై నడుపుదమని యెవ్వరును తలపలేదు. రైలున కంత యోపిక పట్టిన మనము జీపుచక్రమున కొక గంట యోపిక పట్టలేమా?

ఈ తొందర బండ్లతో ముగిసినచో నే నింత వ్రాయను. క్రొత్తది యొకటి తెచ్చి, అది పట్టనప్పుడు, బరువు మోయుచున్నదానిని గీయుట మన సంసారములలోను గలదు. కోడలు వచ్చును. ఇంటి యలవాటు లామెకు తగునో లేదో కొలిచి చూచువారుండరు; ఆమెనే గీయ మొదలిడుదురు. చదువు కొంత గీయుదురు, నవ్వు కొంత గీయుదురు, పుట్టింటి పలుకు కొంత గీయుదురు. ఆమె నోరెత్తక సర్దుకొన్నదని మెచ్చుకొందురు. సర్దుకొన్నదో, లోలోపల తీగవలె వంగి వంగి యున్నదో యెవ్వరు చూచిరి? పూర్వము కొండపల్లెల బడులకు పోయిన పుస్తకములును నిట్టివే. వానిలోని భాష సవరపిల్లలకు తెలియదు. పుస్తకమును మార్చుటకు మారుగా పిల్లలే మందబుద్ధులని తీర్చిరి. ఈ యన్యాయమును కనిపెట్టి, పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు తామే సవరభాష నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చి, ఆ పిల్లల భాషలోనే వారికి వాచకములు వ్రాసిరి. పంతులుగారు ముందు కొలిచిరి, పిమ్మట తొడిగిరి.

భాష మాట వచ్చినది గనుక నొక కార్యము సూచించెదను. చక్రములను గూర్చిన కొలతలన్నియు నింగ్లీషులో చక్రము వెనుక, చీకటిచోట, పోతపోసి యుండును. కొనువాడు చదువడు, తొడుగు కుఱ్ఱవానికి చదువరాదు. కావున చక్రము లమ్ము ప్రతి యంగడిలోను, తొడుగు ప్రతి కర్మశాలలోను తెలుగున నైదు పంక్తుల పలక వ్రేలాడవలెను: స్టడ్డు లెన్ని, వాని వలయ మెంత, నడిమి కన్న మెంత, చక్రము ఫ్లాంజినుండి లోనికి బయటికి నెంత జరిగి యుండును, నట్టు వాలా, చదునా. ఈ యైదింటికిని సమాధానము వ్రాసి యియ్యక చక్రము నమ్మరాదు, కొనరాదు. దీనికి శాసనము కొరకు వేచియుండ నక్కరలేదు. శాసన మెట్లును గలదు: 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ ప్రకరణము తయారుచేసినవారు నిర్ణయించిన తీరునకు విరుద్ధముగా బండిని మార్పరాదనుచున్నది; సుప్రీంకోర్టువారు 2019 జనవరిలో దానిని గట్టిగా నొక్కి చెప్పిరి. కాని దిగుడుబాటలో నట్టు ఊడునప్పుడు చట్టము వచ్చి చక్రమును పట్టుకొనదు. పలక వ్రాయుటకు వలయునది సుద్దముక్కయు, పది నిమిషములును.

మిస్త్రీలను గూర్చి యొక్క మాట. మన యూళ్లలో కొలిచి పనిచేయువానికంటె తొందరగా పనిచేయువానికే గిరాకి హెచ్చు. మా మిస్త్రీ రెండు చక్రములకు ఒక పూట తీసికొనెను. ఆ పూటలో పొరుగుకొట్టువాడు పది బండ్లు పంపివైచి యుండును. మిస్త్రీ యడిగిన కూలి మా మేనల్లునికి మొదట హెచ్చుగా తోచి బేరమాడబోయెను. చక్రముల మీద వేలు పోసి, చక్రము నిలుపువాని కూలియొద్ద పదులకు పెనగులాడుట మనకు పరిపాటి. కొలత కిచ్చు కూలి ప్రాణమున కిచ్చు కూలి యని యెరిగిననాడు గాని పిల్లలు వెర్నియరు పట్టుట నేర్వరు, గ్రైండరే పట్టుదురు.

యువకులారా! మీ బండ్లకు మెరయు చక్రములు తొడిగికొనుడు. ఎవ్వరును కాదనరు. తొడుగుటకు ముందు నాభిని కొలువుడు. కొలత తప్పినచో చక్రమును మార్చుడు, నాభిని గీయకుడు. మీ వెనుక కూర్చున్నవారు మీ చక్రపు మెరుగును చూడలేరు. దానిని నమ్మి కూర్చుండి యున్నారు.